పెదాలు కనిపించని పాఠం

లాక్‌డౌన్‌లో జోల్వా ఊళ్లో మా మిల్లు మరమగ్గాలు ఆగినప్పటి నుంచి, కిమ్ అనే ఊళ్లో సూపర్‌వైజర్ ఉద్యోగం కోసం రోజూ ఫోన్‌లో ఇంగ్లిష్ సంభాషణల పాఠాలు వింటున్నాను. ఎంత విన్నా సగం మాటలు అందవు. నా బుర్ర ఇంతేలే అనుకున్నాను.

ఈ సాయంత్రం మా అమ్మాయి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“బాపూ, జర సౌండ్ తక్కువ చెయ్. గల్లీ మొత్తం ఇనవడ్తుంది.”

“నాకే ఇనవడ్తలేదు బిడ్డా.”

ఆమె వంటింటి వైపు నడుస్తూ ఏదో అంది. ఒక్క ముక్కా అందలేదు. ఈసారి నా వైపు తిరిగింది. “అన్నం తింటవా అంటున్న!”

మగ్గాల మోతలో మేం పెదాలు చూసే మాట అందుకుంటాం. ఫోన్‌లో పెదాలెక్కడివి? ఆ పాఠం తెలుగులో ఉన్నా నాకు అందేది కాదు.

ఇంగ్లిష్ రాదని చెప్పడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. చెవులు పోతున్నాయని మాత్రం ఇంట్లో ఎలా చెప్పాలి? మగ్గాల మీద పనిచేసినవాళ్లు, మీరెలా చెప్పారు?