కౌజు కోసం వదిలిన గడ్డి

2022 మార్చి నెలాఖరు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా నాకది రెండో ఏడు. దమ్మపేట దాటాక అడవి అంచున, ముళ్లపొదల మధ్య ఫైర్ లైన్ పని నడుస్తోంది. ఫైర్ లైన్ అంటే, రేపెక్కడో మంట లేస్తే దాటి రాకుండా మేమే ముందుగా గడ్డి తగలబెట్టి చేసే ఖాళీ బాట.

ఆ వారమే పక్క గూడెంలోని ముత్తమ్మ అవ్వ మీద కేసు రాశాను. రాలే ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకు కాల్చింది. నా నోరసలే మంచిది కాదు. గూడెం అందరి ముందూ, "అడవికి నిప్పు పెడతావా? ఈ వయసులో ఇదేం బుద్ధి?" అని దులిపేశాను. ఆ పువ్వు రాలేది ఏడాదికి కొన్ని రోజులే. ఆ రోజుల్లోనే రేంజ్ ఆఫీసుకు రమ్మన్నాను.

కేసు రాసిన నాలుగో రోజు పొద్దున, లైన్ మీద నేను అగ్గిపుల్ల గీయబోతుంటే, పువ్వు గంపతో అటే వస్తున్న అవ్వ గట్టిగా అరిచింది.

"ఆగు బిడ్డా, ఆగు! గా రేగుపొద కాడ కౌజు కూసున్నది!"

నాకు ఒళ్లు మండింది. కేసు కోపం తీర్చుకుంటోందనుకున్నాను.

"పిట్టే కదా అవ్వా. మంట చూస్తే అదే లేచిపోతుంది."

"గుడ్ల మీదున్న కౌజు లేవదు. కాలిపోతది గని లేవదు."

ఫారాల్లో పెంచి అమ్మే కౌజు కాదిది. అడవి కౌజు మట్టిరంగులో ఉంటుంది, నేల మీదే తిరిగి నేల మీదే గుడ్లు పెడుతుంది. అవ్వ నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, కర్రతో గడ్డి మెల్లగా పక్కకు జరిపింది. అమ్మో! నా బూటుకు జానెడు దూరంలో ఉంది తల్లి. కదల్లేదు. అంతకుముందే ఆ పక్క నుంచి నేను మూడుసార్లు నడిచాను.

"నీకెట్లా కనపడింది అవ్వా?"

"నిన్న ఇటు పోతాంటె చూసిన. కాల్చేముందు మేం కర్రతోటి తడుముకుంట తిరుగుతం. పిట్ట ఉన్నకాడ చుట్టూ ఆకు ఊడ్చి, గడ్డి వదిలేస్తం. ఇప్పచెట్టు కింద గట్లనే వదిలిన గదా, నువ్వు చూడలే?"

చూశాను. బూడిద మధ్య గుండ్రంగా మిగిలిన ఆ గడ్డిని చూసే, "మమ్మల్ని చూసి సగంలో ఆపేసింది" అని రిపోర్టులో రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కూలీలతో ఆ పొద చుట్టూ బారెడు వెడల్పున ఆకు ఊడ్పించి, మిగతాది కాల్చాం. మంట దాటిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పొగ తగ్గాక చూస్తే కౌజు అక్కడే ఉంది.

ఆ సాయంత్రమే నా తప్పుతో సహా జరిగిందంతా రేంజర్ గారికి రాసిచ్చాను. అవ్వను హెచ్చరించి వదిలేశారు. ఇప్పచెట్టు కింద నిప్పు మంచిదని ఇప్పటికీ అనను, చెయ్యి దాటిన మంటలు నేను చూశాను. కానీ ఆమెకు బుద్ధి లేదన్న మాట మాత్రం నాదే తప్పు. గూడెం అందరి ముందూ తిట్టాను కాబట్టి, వాళ్లందరి ముందే "తప్పయిపోయింది అవ్వా" అన్నాను.

"నా సంగతి గట్లుండనీ. కౌజు పిల్లల్ని లేపిందా?" అంది.

ఇప్పుడు ఏటా లైన్ మొదలయ్యే రోజు అవ్వ దూరం నుంచే కేకేస్తుంది, "కర్ర పట్టినవా బిడ్డా?" అని. నేను కర్ర పైకెత్తి చూపించాకే పువ్వు ఏరడానికి పోతుంది.