రెండు ఆఠీను రాణులు

మొన్న రైలు సామర్లకోట దాటుతుండగా ఎదురు సీట్లో కాలేజీ పిల్లలు పేక కలిపారు. కొత్త ముక్కలు బర్రుమన్న చప్పుడు వినలేక లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ ఆట నాకు వైదేహి టీచరుగారు నేర్పారు.

తొంభైల చివర్లో రాజమండ్రిలో మేం ఆవిడ మేడ మీద అద్దెకుండేవాళ్ళం. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్త లేరు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే కూతురు పద్మతో కింద ఉండేవారు. మధ్యాహ్నాలు రెండు పేకలు కలిపి ఇద్దరం రమ్మీ ఆడేవాళ్ళం. పందెం చింతపిక్కలు. నాకేమో మూడు రాజులో మూడు రాణులో కూడబెట్టాలని మహా యావ. ఒకరోజు ఆవిడ నా చేతిలో ముక్కలు లాక్కుని చూశారు.

"ఏంటమ్మా ఇది, రాణులకి సత్రం పెట్టావా? ముందు సీక్వెన్స్ చూసుకోవద్దూ? ఇస్పేటు రాణి, ఆఠీను రాణి పట్టుకున్నావు. ఇక కళావరో డైమనో రావాలి. రెండు పేకల్లోనూ కలిపి నాలుగే. అందులో రెండు నేనే పడేశాను, చూశావా?"

"చూళ్ళేదండీ."

"పోయిన ముక్క గుర్తులేనివాళ్ళు సెట్టు కట్టకూడదు."

జత ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దనేవారు. రెండు ఏడులుంటే, వాటిలో ఒకదాని గుర్తుదే ఎనిమిది కూడా ఉంచుకోమనేవారు. సెట్టు కాకపోతే ఒకే గుర్తు వరసలో సీక్వెన్స్ అవుతుంది. మూడు చుట్లు చూసి పెద్ద జత విరిచెయ్యమనేవారు. సెట్టులో ఒకే గుర్తు రెండుసార్లొస్తే ఆట పోయినట్టే కాబట్టి, ఎదుటివాళ్ళు ఆటయిందని షో అంటే ప్రతి ముక్కా చూడందే ఒప్పుకోవద్దని మరీ మరీ చెప్పేవారు. అన్నీ విన్నాను, ఆ చివరిది తప్ప.

ఒక వేసవి మధ్యాహ్నం ఆవిడ షో అన్నారు. పరిచిన మూడు రాణుల్లో రెండు ఆఠీనులే. ఆవిడ ముఖం గెలిచిన సంతోషంతో వెలిగిపోతోంది. ముక్కలు గబగబా కలిపేసి "మీదే ఆటండీ" అన్నాను. పై వారమూ అదే తప్పు, నేనూ అదే మాట. పెద్దావిడకి మర్యాద చేస్తున్నాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక సాయంత్రం పద్మ నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"అమ్మ తరచూ తలనొప్పంటోందండీ. మీతో ఆడేటప్పుడు ఏమైనా తేడాగా కనిపిస్తోందా? డాక్టరుకి చూపిద్దామా అని."

"అబ్బే, నన్ను రోజూ ఓడిస్తున్నారండీ."

పద్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. డాక్టరు మాట అక్కడితో ఆగిపోయింది.

దసరాకి లేడీస్ క్లబ్బు పోటీల్లో టీచరుగారు షో అన్నారు. ఎదురుగా కూర్చున్నావిడ ముక్కలు చూసి పకపకా నవ్వింది. "రాంగ్ షో అండీ టీచరుగారూ! రెండూ ఆఠీనులే!" టీచరుగారు ఆ ముక్కల్ని చాలాసేపు చూసి, వెనక నిలబడ్డ నా వైపు తిరిగారు.

"నీ దగ్గరా ఇలాగే చేశానా?"

తలూపాను.

"మరి చెప్పవేం అమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

కాకినాడ ఆస్పత్రిలో డాక్టర్లు మెదడులో గడ్డ అన్నారు. నాలుగు నెలల ముందు తెచ్చుంటే ఆపరేషన్‌కి వీలుండేదేమో అని కూడా అన్నారు. ఆవిడ చలికాలం దాటలేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక పద్మ అడిగింది. "మీకు ముందే తెలుసు కదండీ?"

"తెలుసు."

పద్మ వంగి విస్తళ్ళు ఎత్తుతూ ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చెయ్యమని అనలేదు. నెల తిరక్కుండా నేనే ఇల్లు మార్పించాను.

అప్పట్నుంచీ ఎవరి తప్పు కనిపించినా మొహం మీదే చెప్పేస్తాను. నోటి దురుసు మనిషినని చుట్టాల్లో పేరొచ్చింది. పోయిన నెల మావారు గ్యాస్ కట్టెయ్యడం రెండుసార్లు మరిచిపోతే, ఆ పూటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఏమీ లేదన్నారు. పదిమందిలో పరువు తీశావని ఆయన ఇంటికొచ్చేదాకా విసుక్కున్నారు. విసుక్కోనీ.