జానెడు ముఖం

మా ఇంటాయన అక్క, మా వదిన, ఏది కొన్నా జానతో కొలిచేది. వాళ్లాయన పోయాక, తెరలోనే అంతా ఇమిడి ఉండే పెద్ద కంప్యూటర్ కొంటానంటే సూర్యాపేట దుకాణానికి తోడు వెళ్లాను.

"ఇది మస్తు స్పీడుంటదమ్మా," అన్నాడు దుకాణపాయన.

"నాకేం తొందరున్నది బిడ్డా? మా ఆయన మొఖం జానెడుండె. గంత కనవడ్తదా?"

అన్నిటికంటే పెద్ద తెరమీద జాన పెట్టి చూసి, అదే తీసుకుంది.

ఇంటికొచ్చి, ఫోన్‌లో ఉన్న ఆయన వీడియో అందులో పెట్టించింది. అన్నం తింటూ నవ్వే ఆ చిన్న వీడియో అంత తెరమీద అలికినట్టయింది. కళ్లేవో ముక్కేదో తెలియలేదు.

"వాపస్ ఇద్దామా వదినా?" అన్నాను.

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంటూ, జరుపుకుంటూ పోయి గోడకు ఆనింది.

"గీడికెల్లి మంచిగ కనవడ్తున్నడు. జర నువ్వు పక్కకు జరుగు పిల్లా," అంది.