సమాప్తం పడ్డాక వచ్చిన గుర్రం

విశాఖ పోర్టులో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మా అక్క మొగుడితో మూడు నెలలు మాట్లాడలేదు. కారణం ఒక కత్తియుద్ధాల సినిమా. ఆ హీరో సినిమాలు ఎక్కడా పట్టుమని పది రోజులు ఆడేవి కావు గాని, నాలాంటి కొద్దిమందికి ఆయనంటే ప్రాణం.

ఆ సినిమా నేను చిన్నప్పుడు మా ఆనందపురంలో, టూరింగ్ టాకీసు డేరాలో, నేల టికెట్టులో చూశాను. హీరో కోట బురుజు మీంచి ఏట్లో పడిపోయాడు. తలపాగా ఒక్కటీ నీళ్ళమీద తేలింది. సమాప్తం అని పడింది. అందరం ఏడుపు మొహాలతో లేచి ఇసక దులుపుకుంటున్నాం. ఇంతలో తెర మళ్ళీ వెలిగింది. తెల్లగుర్రం మీద, తలపాగాతో సహా, ఆయన వచ్చాడు. నలుగుర్ని నరికి కోటవైపు దౌడు తీశాడు. అక్కడితో అయిపోయింది. సమాప్తం పడ్డాక కూడా తిరిగొచ్చిన హీరో లోకంలో ఆయనొక్కడేనని నా నమ్మకం.

ఆటోనగర్లో లేత్ మిషను మీద పనిచేసే మా బావ అదే సినిమా విశాఖలో చూశాడు.

"సచ్చిపోనాడు బామ్మర్దీ. సమాప్తం పడింది, మేం ఇంటికి ఎల్లిపోనాం," అన్నాడు.

"అందుకే మీకు తెలీదు. నాను ఉండి సూసినాను. మళ్ళీ వచ్చినాడు."

"నీకు కల వచ్చుంటది," అని అక్క ముందే నవ్వాడు. నాకు ముక్కుమీదే కోపం. కంచం ముందునుంచి లేచి వచ్చేశాను.

ఆ హీరో తన జ్ఞాపకాలు పుస్తకంగా రాశాడనీ, డాబాగార్డెన్సులో ఒక పుస్తకాల షాపుకొచ్చి సంతకాలు పెడతాడనీ పేపర్లో చూశాను. వెంటనే షిఫ్టు మార్చుకున్నాను. ఆయన నోటితోనే చెప్పించి బావ నోరు మూయించాలి. తీరా వెళ్తే, వరసలో సరిగ్గా నా ముందు నిలబడ్డది మా బావే. చేతులకి గ్రీజు లేకుండా తోముకుని మరీ వచ్చాడు. ఒకరినొకరం చూడనట్టే నిలబడ్డాం.

బల్ల వెనకాల నెరిసిన జుట్టు, కళ్ళజోడు, బక్కపల్చటి మనిషి. ఆయన బావ పుస్తకం మీద సంతకం పెడుతుంటే, బావ వెనక్కి తిరిగి నన్ను చూపించి అడిగాడు.

"సార్, బురుజు మీంచి ఏట్లో పడే సినిమాలో మీరు సచ్చిపోనారు గదేటి? మావోడికి కాస్త సెప్పండి."

"పోయానయ్యా. హీరోని చంపేశారని జనం సినిమా చూడ్డం మానేశారు. నన్నూ మానేశారు," అన్నాడాయన.

నేను బావ పక్కనుంచి ముందుకొచ్చాను. "ఆనందపురంలో మీరు తిరిగొచ్చేరు సార్. సమాప్తం పడ్డాక, గుర్రం మీద," అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టాడు. "గుర్రం మీద కోటకి పోయేది ఆఖరి రీలుకి ముందు రీలు. మీ ఆపరేటరు రెండూ తారుమారు చేసుంటాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. బావ మాత్రం నవ్వలేదు. ఆ మాట చెప్పుకోవాలి.

"ఎన్నాళ్ళు వేశాడలాగ?" అని అడిగాడాయన.

"వారం సార్. నాను రోజూ సూసినాను. రోజూ వచ్చేరు."

"జనం ఏమన్నారు?"

"ఈలలు సార్. డేరా ఎగిరిపోతాదనుకున్నాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత షాపంతా తిరిగి చూసేలా నవ్వాడు. నా పుస్తకం లాక్కుని, సంతకం పైన ఒక వాక్యం రాశాడు: ఆనందపురంలో నేను బతికే ఉన్నాను.

బావ నా భుజం మీంచి అది చదివాడు. తన పుస్తకం మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"నాకూ అదే రాయండి సార్."

"మీరు విశాఖలో చూశారు కదయ్యా."

"అయితే ఏటండి," అన్నాడు బావ. "నాను ఆనందపురం అల్లుడినండి."