గాలి వైపు తిరిగిన జంట

మా వాళ్ళు దొరలు, గడిలో కూర్చుని సన్నాయి విన్నారే తప్ప ఊదలేదు. ఊదేవాళ్ళ ఇంటి పిల్లను నేను చేసుకున్నాను. గడి పోయింది, భూములు పోయాయి. నడుము వంచకుండా నిలబడే అలవాటు ఒక్కటే నా వాటాకు వచ్చింది. ఆ అలవాటుతోనే దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో స్టీలు పనుల వర్క్‌షాప్ నడుపుతున్నాను.

వెస్ట్ బేలోని ఒక హోటల్ వాళ్ళు తోటలోకి ప్రేమ మీద ఒక శిల్పం అడిగారు. గాలి వీస్తే అది పాడాలి. ఎవరికీ అప్పగించకుండా నేనే పట్టుకున్నాను.

సన్నాయి పక్కన ఒకే స్వరాన్ని తెగకుండా పట్టి ఉంచే వాద్యాన్ని ఒత్తు అంటారు. అది ఉన్న ధైర్యంతోనే సన్నాయి ఎంత దూరమైనా పోయి వస్తుంది. మా కాపురం గురించి అంతకన్నా చెప్పడం నాకు చేతకాదు. స్టీలు గొట్టాలతో రెండు నిలువెత్తు రూపాలు చేశాను. నిటారుగా ఉన్నది ఒత్తు, దాని భుజం మీదికి ఒరిగినది సన్నాయి. నా భార్య సెలవు రోజుల్లో అల్ మన్సూరాలోని మా ఇంటి నుంచి వచ్చి, దుమ్ములో నిలబడి శ్రుతి పలికేది. ఆ శ్రుతి కుదిరేదాకా గొట్టాలు అరగదీశాను.

ప్రారంభం రోజు మధ్యాహ్నం జంటను తోటలో నిలబెట్టాం. గాలి చెట్లను ఊపేస్తోంది. జంట నోరు విప్పలేదు.

"పాడకపోతే సాయంత్రానికి తీయించేయమన్నారండీ," అన్నాడు హోటల్ మేనేజరు. విజయవాడ కుర్రాడు, చెమటలు తుడుచుకుంటున్నాడు.

నా భార్య చుట్టూ తిరిగి చూసింది. "గాలి అటుకెల్లి వస్తుంటే మొకం ఇటెందుకు పెట్టిన్రు? ఇదేమన్న మీ గడి దర్వాజనా, వచ్చేటోళ్ళకు ఎదురుంగ నిలబడనీకె?"

నిజమే. గొట్టాల్లో గాలి దూరే చీలికలన్నీ ముందువైపే ఉన్నాయి. ఆ ముఖాన్ని నేను గేటుకు ఎదురుగా పెట్టించాను. మా ఇంట్లో మరోలా పెట్టడం ఎవరికీ తోచదు.

"తిప్పండి," అన్నాను.

"వీఐపీలకి వీపు చూపిస్తామా సార్!" మేనేజరు అడ్డం వచ్చాడు.

"వాళ్ళకు కాళ్ళున్నయి గదా. చుట్టు తిరిగొస్తరు," అంది నా భార్య.

క్రేన్ నడిపే నిజామాబాద్ తమ్ముడు పకపకా నవ్వాడు. "యల్లా సాబ్, బోల్టులు ఇప్పుడే ఇప్పుత."

జంట మెల్లగా గాలి వైపు తిరిగింది. ముందు ఒత్తు లేచింది, కింది నుంచి, నేలలోంచి వచ్చినట్టు. దాని మీద సన్నాయి గొంతు సన్నగా మొదలై, గాలి పెరిగేకొద్దీ పైకి పాకింది. క్రేన్ ఇంజను ఆపేశారు.

సాయంత్రం అరబ్బుల తెల్ల థోబులు, సూట్లు, పట్టు చీరలు అన్నీ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, శబ్దం పట్టుకుని పచ్చిక దాటి అవతలికి నడిచి వచ్చాయి.

"కాన్సెప్టు అదిరిందండీ," అన్నాడు మేనేజరు, తనదే అన్నట్టు.

నా భార్య చాలాసేపు కళ్ళు మూసుకుని వింది. "ఒత్తు మంచిగ పట్టిన్రు," అంది. "ఉత్త నిలబడుడే వచ్చనుకున్న మీకు."

మేళం వాళ్ళ ఇంటి నుంచి ఇంత మెప్పు మా వంశంలో ఇంకెవరికీ దక్కలేదు.