రంగు వెయ్యని టేకు కిటికీ

మా చిన్నప్పుడు... పినపాక దగ్గర అడవి అంచున ఉన్న మా ఊళ్ళో, ఒక వేసవి సాయంత్రం గాలివానకు మా వంటింటి కిటికీ రెక్క ఊడి వాకిట్లో పడింది. నాన్న దాన్ని తీసి చేత్తో నొక్కితే పొడిపొడిగా రాలిపోయింది. చెదలు లోపలంతా తినేసి పైన పెయింటు మాత్రం మిగిల్చాయి. చౌకట్టు పరిస్థితీ అంతే...

నాన్న మా ఊరి దవాఖానాలో కాంపౌండర్. 2000 దాటిన కొత్తల్లో సంగతి ఇది.

ఆ కిటికీ అమ్మకు చాలా ముఖ్యం. దానికి ఊచలు లేవు, ఎదురుగా చెయ్యి చాపితే అందేంత దూరంలో సుగుణత్త వాళ్ళ వంటింటి కిటికీ. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళు గుడికి వెళ్ళేవాళ్ళు. చుట్టరికం లేకపోయినా ఒకరికొకరు వదినె. మా పప్పు అటు, వాళ్ళ పచ్చడి ఇటు... గిన్నెలన్నీ ఆ కిటికీలోంచే తిరిగేవి. అమ్మకు ఊళ్ళో స్నేహం అంటే ఆ ఒక్క మనిషే.

నాన్న కొత్త కిటికీకి టింబర్ డిపోకు వెళ్ళి టేకు కొనుక్కొచ్చాడు. వడ్రంగి వీరాచారి చిత్రిక పడుతుంటే పసుపు పచ్చగా మెరిసింది. పని అయిపోయాక చారి అడిగాడు.

"రంగు ఎప్పుడేస్తరు సారూ?"

"రంగెందుకు చారీ... గింత మంచి టేకు. వార్నిష్ కొడ్త, సాలు."

చారి నాన్న వైపు అదోలా చూశాడు. "గట్లనే ఉంచుతరా..." అని సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ చూపుకు అర్థం అప్పుడు నాకు తెలియలేదు. మా వైపు టేకుకు రంగు వేసేది అందం కోసం కాదు. అడవిలోంచి దొంగచాటుగా వచ్చిన కొత్త కర్ర ఫారెస్టోళ్ళ కంట పడకూడదని... ఆకుపచ్చో నీలమో దట్టంగా పూసేసేవాళ్ళు. అది ఏ కర్రో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. మా వాడకట్టులో రంగు లేని టేకు ఒక్క మా ఇంట్లోనే ఉంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఫారెస్టోళ్ళ జీపు వచ్చింది. వాడకట్టు చివరి ఇంట్లో కొత్త దర్వాజా పీకి, మంచం కూడా ఎత్తుకుని పోయారు. పోతూ పోతూ ఒకాయన మా కిటికీ వైపు చూశాడు... ఏమీ అనకుండా జీపెక్కాడు. వాకిళ్ళలో నిలబడ్డ వాళ్ళంతా అది చూశారు.

సాయంత్రానికల్లా బోరింగు దగ్గర మాటలు మొదలయ్యాయి. నేను బిందెతో వెళ్ళేసరికి ఆగిపోయాయి గానీ, అప్పటికే చెవిన పడ్డాయి.

"డిపోల కొన్నడంట... మనూళ్ళె ఎవలన్న డిపోల కొంటరా?"

"ఫారెస్టోళ్ళతోని ఏదో ఉన్నది. లేకుంటే గా కిటికీని ఇడిశిపెడ్తరా?"

అంతే... దెబ్బ తగిలినా జ్వరమొచ్చినా పొద్దుగూకాక మా గుమ్మం ముందుకొచ్చే జనం రావడం మానేశారు. సుగుణత్త తన కిటికీకి గోనెసంచి కట్టేసింది. అమ్మ "వదినే" అని పిలిస్తే లోపల గిన్నెల చప్పుడు వినిపించేది, మాట మాత్రం వచ్చేది కాదు. ఆమె ఇంట్లో కూడా ఆ ఏడే చేయించిన టేకు బీరువా ఉంది మరి... నీలం రంగుది. అమ్మ గిన్నెలో తీసిన పప్పును మళ్ళీ కుండలో పోసేయడం నేను చూశాను. నాకు ఏడుపొచ్చింది.

నిజం చెప్పాలంటే, నాకూ నాన్న మీద అనుమానం పట్టుకుంది. ఒకసారి ఆ జీపు డ్రైవరు జ్వరమని దవాఖానాకు వస్తే, నాన్న నవ్వుకుంటూ మాత్రలిచ్చాడు. ఎందుకు నవ్వాడు? ఏం మాట్లాడాడు? అప్పట్నుంచి నాన్న సైకిల్ ఏ వైపు పోతే ఆ వైపే చూస్తుండేదాన్ని. ఆఖరికి ఉండబట్టలేక అడిగేశాను.

"నాన్నా... ఫారెస్టోళ్ళకు నువ్వే చెప్పినవా?"

నాన్న కోప్పడలేదు.

"ఈ వాడకట్టుల ప్రతి ఇంట్ల మంచం మీద కూసొని సూదేసిన బిడ్డా. ఏ మంచం ఎక్కడి కట్టెనో నాకు తెల్వదా? చెప్పేటోన్నే అయితే ఎప్పుడో చెప్పకపోదునా..."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అమ్మ మాత్రం రోజూ పోరేది. "నువ్వు మంచోనివే అయ్యా... ఎవలకు కావాలె? జర రంగెయ్యి." నాన్న ససేమిరా అన్నాడు. పైసలు పెట్టి కొన్నదాన్ని దొంగసొమ్ములా దాచుకోవాలా అని ఆయన బాధ. ఇరుగుపొరుగు లేకుండా ఎట్లా బతకాలని అమ్మ బాధ.

ఒకరోజు నాన్న డ్యూటీకి వెళ్ళగానే అమ్మ డబ్బా పెయింటు తెప్పించింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఆ బంగారం లాంటి టేకును తనే ఆకుపచ్చ చేసేసింది. గీతలు గీతలుగా, కారుతూ... చూడ్డానికి అసహ్యంగా ఉంది.

మర్నాడు అవతల గోనెసంచి పక్కకు జరిగింది.

"రంగు మంచిగ కుదిరింది వదినె..." అంటూ సుగుణత్త దోసకాయ పచ్చడి గిన్నె చాపింది. అమ్మ రెండు చేతులతో అందుకుంది.

నాన్న అన్నానికి కూర్చున్నాడు. పచ్చడి వడ్డిస్తే కిటికీ వైపు చూసి, మెల్లగా అన్నాడు. "ఇగ మనం గూడ మంచోళ్ళమైనం."

ఎవరిది తప్పని అనాలో నాకు ఇంతవరకూ తేలలేదు.

ఇప్పుడు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మాది కిరాయి ఇల్లు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు... చెదలు లేవు, రంగులు లేవు, ఎక్కడిదని అడిగేవాళ్ళూ లేరు. మీ వాడకట్టు మీ ఇంటిని ఎప్పుడైనా అనుమానంగా చూసిందా? ఆ కథ ఏమిటో కింద రాయండి, చదువుతాను.

మా పక్కింటి వాళ్ళ పేరు నాకు తెలియదు. వాళ్ళకు నా పేరూ తెలియదు. అనుమానించాలన్నా కాస్త పరిచయం ఉండాలి కదా...