ఏరువాక నాడు కాడి కట్టిన కంప్యూటర్

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో వాన ఎంత అపురూపమో కంప్యూటరూ అంతే అపురూపం. ఏది వచ్చినా చూడటానికి జనం పనులు మానుకుని వచ్చేవాళ్లు. వానకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, వాకిట్లో నిలబడితే చాలు. కంప్యూటర్‌ని చూడాలంటే మాత్రం చెప్పులు బయట విడిచి, కాళ్లు గోనెపట్టాకు తుడుచుకుని, నన్ను అడగాలి. ఎనభైల చివర్లో సంగతి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ధర్మవరంలో పట్టు మగ్గం నేసే ఇంట్లో పుట్టి, బెంగుళూరులో మేనమామ ఇంట్లో ఉండి ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, కదిరిలో వేరుశనగ విత్తనాలు పంచే ఆఫీసులో ఆపరేటర్‌గా చేరాను. (మా నాయన కనపడిన వాళ్లందరికీ "మా పాప కంప్యూటర్ నడుపుతాండాది" అని చెప్పేవాడు. వినేవాళ్లు అదేదో బస్సు లాంటిదనుకుని, "ఆడపిల్ల, జాగర్తప్పా" అనేవాళ్లు.) ఆరు నెలల చదువుకి ఎంత గర్వం ఉండొచ్చో నాకు తెలీదు గానీ, నాకున్నది మాత్రం ఆరేళ్ల చదువుకి సరిపోయేంత.

ఆఫీసులో మేం ముగ్గురం. సూపరింటెండెంట్ గారికి నేను పెట్టుకున్న పేరు రూళ్లకర్ర సార్. తాను రాసిన ప్రతి వాక్యం కిందా రూళ్లకర్ర ఆనించి గీత గీస్తే గానీ ఆయనకు అది వాక్యంలా కనిపించేది కాదు. అటెండర్ని ఊరంతా గొళ్లెం అన్న అనేది. సాయంత్రం తలుపుకి గొళ్లెం పెట్టి, రెండుసార్లు లాగి చూసి, బజారు దాకా వెళ్లి, అనుమానమొచ్చి వెనక్కి తిరిగొచ్చి మళ్లీ లాగి చూసేవాడు. మా పనల్లా ఒక్కటే. చుట్టుపక్కల పల్లెల రైతుల్లో ఎవరు ఎన్ని ఎకరాలు విత్తుతారు, ఎవరికి ఎన్ని బస్తాల విత్తనకాయలివ్వాలి అన్నది ఊరివారీగా జాబితా తీయడం. అంతకుముందు చేత్తో రాసిన జాబితాల్లో తెల్లారేసరికి కొత్త పేర్లు మొలిచేవట, పాత పేర్లు మాయమయ్యేవట. అందుకని ఆ ఏడు పైనుంచి ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ అచ్చు వేసిన జాబితా చేతికి వస్తేనే గోదాము తలుపు తెరవాలి. అంటే గోదాము తాళంచెవి గొళ్లెం అన్న మొలతాడుకి ఉన్నా, తాళం తీసేది నేనన్నమాట!

మా కంప్యూటర్ పాపం మంచిదే. ఒక ఊరి పేర్లు వరసలో పెట్టి జాబితా తయారు చేయడానికి మేం ఒక టీ తాగేంత సేపు తీసుకునేది. అది చాలదన్నట్టు, జూన్‌లో దాన్ని అమ్మిన బెంగుళూరు కంపెనీవాళ్లు పోస్టులో ఒక ఫ్లాపీ పంపారు. ఆపరేటింగ్ సిస్టమ్, అంటే యంత్రాన్ని నిద్రలేపి దానిచేత పని చేయించే మూల ప్రోగ్రామ్, కొత్త వెర్షన్ వచ్చిందట. దాన్ని చూడగానే నాకు పూనకం వచ్చింది. "సార్, ఇది వేస్తే మన కంప్యూటర్ పరుగులు తీస్తుంది. టీ తాగే టైం కూడా ఉండదు" అని రూళ్లకర్ర సార్‌తో చెప్పాను. నాకలా ఎవరూ చెప్పలేదు. కొత్తది కాబట్టి వేగంగానే ఉంటుందని నా అంతట నేనే తీర్మానించాను. సార్ క్యాలెండర్ తీసి చూసి, "అయితే ఏరువాక పున్నమి నాడు వేద్దామమ్మా. మనది విత్తనాల ఆఫీసు. కొత్తది ఏదైనా ఆ రోజే మొదలుపెట్టాలి" అన్నారు. ఆ రోజు మా వైపు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, కాడి కట్టి తొలిసాలు దున్నుతారు. మేము కంప్యూటర్‌ని కడగలేదు గానీ, గొళ్లెం అన్న దాని మూతి మీద పసుపు కుంకుమలు పెట్టి, మెడలాంటి భాగం ఏదో వెతికి బంతిపూల దండ వేశాడు. నేను కొత్త ఫ్లాపీ దూర్చాను. పాతదాన్ని అన్న చేతికిచ్చి, "ఇక దీంతో పనిలేదన్నా, చెత్తలో వేసెయ్" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎలా ఉండిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఐదో రోజు వాన పడింది. చినుకులు కాదు, నిజమైన వాన. తెల్లారి చూస్తే ఎర్రనేల అంతా విత్తడానికి సరిపడా తడిసి పదునెక్కి ఉంది, ఆఫీసు వరండా అంతా జనం. మా నేలల్లో పదును ఎక్కువ రోజులు ఆగదు, నాలుగు రోజులో ఐదు రోజులో. ఆలోపల గింజ భూమిలో పడాలి. పడకపోతే మళ్లీ వాన ఎప్పుడొస్తుందో పైవాడికే తెలియదు. నేను చీర కుచ్చిళ్లు సవరించుకుని, అందరికీ వినపడేలా "పది నిమిషాల్లో మొదటి ఊరు అయిపోతుంది" అని ప్రకటించి కూర్చున్నాను. పది నిమిషాలైంది, అరగంటైంది. యంత్రం చిన్న ఎర్ర దీపం వెలిగిస్తుంది, ఆర్పుతుంది, గుర్రుమంటుంది, ఆలోచిస్తుంది, మళ్లీ వెలిగిస్తుంది. మధ్యాహ్నానికి ఒక్క ఊరు, అదీ చిన్న ఊరు, బయటపడింది. వెనకాల ఇంకా ముప్పై ఊళ్లున్నాయి.

"ఏమ్మా, పరుగులు తీస్తాదంటివే?" అని సార్ కళ్లద్దాల పైనుంచి చూశారు. ఎండ సార్, యంత్రం వేడెక్కింది అన్నాను. వెంటనే గొళ్లెం అన్న కిటికీలకు తడి గోనెసంచులు కట్టాడు. అయినా లాభం లేకపోయింది. వోల్టేజీ సార్ అన్నాను. ఫ్యానూ లైట్లూ అన్నీ ఆపేశారు. చీకటి గదిలో, చెమటలు కక్కుతూ, నేను ఒక చేత్తో మీటలు నొక్కుతూ ఇంకో చేత్తో విసనకర్ర పట్టుకుని కంప్యూటర్‌కి విసురుతూ కూర్చున్నాను. (పెళ్లయిన కొత్తలో మా ఆయన జ్వరంతో పడుకుంటే కూడా నేనంత శ్రద్ధగా విసరలేదు.) దుమ్ము సార్, తేమ సార్, వచ్చినవాళ్ల ఊపిరి సార్... నా నోట రాని కారణం లేదు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ రెండో రోజు ట్రంకు కాల్‌లో దొరికింది. బెంగుళూరు కంపెనీ మనిషి తాపీగా, "కొత్త వెర్షన్‌లో భద్రత ఎక్కువమ్మా. రాసిన ప్రతి లైనూ సరిగ్గా పడిందా లేదా అని మళ్లీ చదివి చూసుకుంటుంది. దాని బుర్ర సగం ఆ పనికే పోతుంది. మీ మెషిన్ చిన్నది, కాస్త నిదానిస్తుంది" అన్నాడు. నాకు వెంటనే గొళ్లెం అన్న గుర్తొచ్చాడు. ఒక్కొక్క రైతు పేరూ రాసి, గొళ్లెం పెట్టి, లాగి చూసి, బజారు దాకా పోయి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూస్తోందన్నమాట నా కొత్త వెర్షన్. తప్పు ఎండది కాదు, వోల్టేజీది కాదు, నాదే. ఫోన్ పెట్టేసి సార్ దగ్గరికి వెళ్లి, ఏమీ ఎరగనట్టు, "సార్, ఊరికే ఒకసారి పాత వెర్షన్ వేసి చూద్దామా?" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. "ఏరువాక నాడు కట్టిన కాడి విత్తనం అయ్యేదాకా దించుతారామ్మా? ఎవురన్నా వింటే నవ్వుతారు. దాన్ని అట్లనే నడపనీ!" అన్నారు. నిజం చెప్పనా? ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఇక నేను ఏమీ ఒప్పుకోనక్కర్లేదు, తప్పంతా ఏరువాక మీదికి పోయింది. ఆ సాయంత్రానికి మొత్తం ఐదు ఊళ్లయ్యాయి.

మూడో రోజు పొద్దున, తలుపుల అనే ఊరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ నేరుగా నా గదిలోకి వచ్చేసింది. చెప్పులు విడవలేదు, కాళ్లు తుడుచుకోలేదు, నన్ను అడగలేదు. కొంగున కట్టుకొచ్చిన మూట విప్పి నా టేబుల్ మీద ఒక పిడికెడు ఎర్రమట్టి పోసింది. "మా సేన్లోది పాపా. పిడికిట్లో పట్టి చూడు" అంది. పట్టుకున్నాను. "మొన్న పట్టుకుంటే ముద్దయింది. నిన్న సగం నిలబడింది. ఈ పొద్దు రాలిపోతాండాది. నాలుగెకరాలు. నా కొడుకు రెండు దినాల్నుంచి ఎద్దుల్ని కట్టుకొని గట్టు మీద కూసోనుండాడు. నీ మిసను ఏమంటాంది?"

వేళ్ల సందుల్లోంచి మట్టి పొడిపొడిగా రాలి కీబోర్డు పక్కన పడింది. వేరే రోజైతే దుమ్ము దుమ్ము అని గోల పెట్టేదాన్ని. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. వరండాలో ఉన్న అందరూ వినేంత గట్టిగా, ఒక్క గుక్కలో అనేశాను. "మిషన్ తప్పు కాదవ్వా, ఎండ తప్పూ కాదు. నేను కొత్త ప్రోగ్రామ్ వేశాను, దాని వల్ల నిదానించింది. పాతదైతే బాగానే నడిచేది. నాకు నిన్ననే తెలిసింది. చెప్పలేదు."

సార్ లేచి నిలబడి, "తెలిస్తే మాత్రం ఏం చేస్తాం? ఏరువాక నాడు కట్టిన కాడి..." అని మొదలుపెట్టారు. అవ్వ ఆయన వైపు తిరిగింది. "కాడి దించమని ఎవురన్నారు సామీ? కట్టిన ఎద్దు సాల్లో పండుకుంటే మేమేం జేస్తాం? మళ్లా ఏరువాక దాకా కూసుంటామా? కాడి అట్లనే ఉంటాది. పండుకున్న ఎద్దును ఇప్పి ఇంకోదాన్ని కడతాం. అది కాడి దించినట్లు కాదు."

రూళ్లకర్ర సార్ ఆ వాక్యం కింద మనసులో గీత గీసుకున్నట్టున్నారు. చివరికి నా వైపు వంగి, "ఏమ్మా, స్విచ్ ఆపకుండా మార్చగలవా?" అన్నారు. స్విచ్ ఆపితే కాడి దించినట్టు, ఆపకపోతే ఎద్దును మార్చినట్టు. అదీ ఆయన తీర్పు. అదృష్టం బాగుండి, కీబోర్డు మీద మూడు మీటలు ఒకేసారి నొక్కితే కరెంటు ఆపకుండానే యంత్రం మళ్లీ మొదటి నుంచి నిద్రలేచే ఏర్పాటు ఉంది. "మార్చగలను సార్" అన్నాను. అన్నాకే గుర్తొచ్చింది. పాత ఫ్లాపీ చెత్తలో వేయించాను కదా!

"అన్నా, ఆ రోజు నీకిచ్చిన పాత ఫ్లాపీ..." అన్నాను గొళ్లెం అన్నతో. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చెత్తలో ఎయ్యమంటివి. ఆఫీసు సామాను నేను చెత్తలో ఏసేవాణ్నా? బీరువాలో పెట్టి తాళమేసి, రెండుసార్లు లాగి చూసినా" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి అనుమానానికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఫ్లాపీ వచ్చింది. సార్ దాని కవరు మీద ఓ మూల కుంకుమ బొట్టు పెట్టారు. నేను దాన్ని దూర్చి మూడు మీటలు నొక్కాను. తెర ఒక్కసారి నల్లబడితే వరండాలోంచి ఎవరో "అయ్యో, సచ్చిపాయె" అన్నారు. మరుక్షణం అక్షరాలు లేచాయి. మేం టీ తెప్పించుకోలేదు గానీ, తెప్పించుకుని ఉంటే చల్లారేలోపే మొదటి ఊరి జాబితా ప్రింటర్లోంచి కర్రుకర్రుమంటూ బయటికొచ్చింది. అది అవ్వ వాళ్ల ఊరే. (వరసలో దానికంటే ముందు వేరే ఊళ్లున్నాయి. ఆ ఒక్క తప్పు నేను కావాలనే చేశాను. ఎవరూ అడగలేదు.) సాయంత్రానికి ఒక్క ఊరు కూడా మిగల్లేదు. గోదాము తలుపుల దగ్గర గొళ్లెం అన్న ఆ రోజు గొళ్లెం పెట్టే అవకాశమే లేక అల్లాడిపోయాడు.

అవ్వ కొడుకు బస్తాలు బండికెత్తుకుంటుండగా ఆవిడ మళ్లీ గదిలోకి వచ్చింది. టేబుల్ మీద మట్టిని జాగ్రత్తగా చేత్తో ఊడ్చి కొంగులో వేసుకుంది. "నిన్ననే తెలిసినా ఎందుకు గమ్మునుంటివి పాపా?" అని అడిగింది. తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"భయమేసిందవ్వా."

"భయపడేదానికి సేను ఆరిపోతాండే మేముండాము గదా. నీకేం భయం?"

ఆవిడ గడప దాటబోతూ ఆగి, "ఏరువాక నాడు కొత్తది పెట్టినారని మీ గొళ్లెం చెప్పె. అది పెట్టినాంకనే ఇది మొండికేసిందని మొదటి దినం పొద్దున్నే వరండాలో అందరూ అనుకుంటిమి. సదువుకున్న పిల్ల, తానే చెప్తాదిలే అని చూస్తాంటిమి" అంది.

ఆ తర్వాత నేను చాలా యంత్రాలు చూశాను, చాలా తప్పులు చేశాను, చాలాచోట్ల "తప్పు నాదే" అని మొదటి గంటలోనే ఒప్పుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు అద్దంలో తల నెరిసిన ఈ మనిషిని చూసుకున్నప్పుడు, అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆ పిల్ల భయం యంత్రం గురించి కాదు, ఉద్యోగం గురించీ కాదు. తనకు తెలియదన్న సంగతి నలుగురికీ తెలిసిపోతుందని. ఆ నలుగురికీ అది మొదటి రోజే తెలుసని, తెలిసే తన కోసం రెండు రోజులు ఓపిక పట్టారని, పాపం, దానికేం తెలుసు?